లోపలివైపు పిడి

"తలుపు తెరిచిపెట్టి ఇంటికి పోయింది. మందులన్నీ పాడయ్యాయి. అందుకని ఉద్యోగంలోంచి తీసేస్తున్నాం. ఇందులో డిటెక్టివ్ వచ్చి తేల్చాల్సిందేముందండీ?"

మేనేజర్ ఆ మాట అనేసి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ మందుల కంపెనీ గోడౌన్‌లో పనిచేసేవాళ్ళందరూ అతన్ని చాటుగా గద్ద అంటారు. ఎవరు పెట్టారో గానీ పేరు అతికినట్టు సరిపోయింది. మెడ ముందుకు సాచి, రెప్ప వేయకుండా చూస్తాడు. ఎదుటి మనిషి తల దించుకునేదాకా ఆ చూపు తిప్పడు.

డిటెక్టివ్ తల దించలేదు. యాభై దాటిన ఆడమనిషి. మోకాళ్ళ నొప్పి వల్ల కూర్చోవడానికి కాస్త సమయం తీసుకుంది గానీ, ప్రశ్నలు అడగడానికి తీసుకోలేదు.

"తలుపు తెరిచి ఉండటం మొదట చూసిందెవరు?"

"నేనే. పొద్దున్న రాగానే."

"రాగానే తిన్నగా కోల్డ్ రూమ్‌కే వెళ్ళారా? మీ గదికి కూడా రాకుండా?"

"నా గోడౌన్. నా ఇష్టం వచ్చిన చోటికి వెళ్తాను."

"లోపల లైటు వెలుగుతోందా, ఆరి ఉందా?"

గద్ద మొదటిసారి రెప్ప వేశాడు. "ఆరి ఉంది. ఏం?"

"ఏం లేదు. అంతకు ముందు సాయంత్రం మీరు చిట్టిని అందరి ముందూ నిలబెట్టి తిట్టారట."

"తప్పు చేస్తే తిట్టక నెత్తిన పెట్టుకోమంటారా? ఆ కసితోనే చేసింది. గడియ పడకుండా గడియ బొక్కలో అట్టముక్క కుక్కింది. ఆ అట్టముక్క మా సెక్యూరిటీ చీఫ్ దగ్గర భద్రంగా ఉంది. ఇవాళ విచారణ. చేసేది స్వయంగా డైరెక్టర్‌గారు. అదయ్యాక ఆవిడ వాళ్ళింటికి, మీరు మీ ఇంటికి." అంటూ లేచాడు.

డిటెక్టివ్ కూడా లేచింది. ఆమెకు అడగాల్సింది చాలానే ఉంది. కానీ ఆ లైటు సంగతి దగ్గర అతని రెప్ప పడటం ప్రస్తుతానికి చాలనిపించింది.

ఈ కేసు చూడమని నిన్న పిలిపించిన చిట్టి అక్క వంటింట్లో విన్న కథ ఆమె చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. చిట్టి అన్నది ఇంట్లో పిలుచుకునే పేరు. ఆ గోడౌన్‌లో కోల్డ్ రూమ్ ఇన్‌చార్జి. పసిపిల్లలకు వేసే ఇంజక్షన్లు గడ్డకట్టే చలిలో ఉంచే గది అది. చదువుకున్న పిల్ల, నిలకడైన పిల్ల. నిన్న మాత్రం గోడకు చేరగిలబడి, మోకాళ్ళు చుట్టుకుని, తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకుంటూ కూర్చుంది.

"నేను తలుపు వేసే వచ్చాననుకున్నాను మేడమ్. కానీ అందరూ వెయ్యలేదంటున్నారు. నిజంగా మర్చిపోయానేమో. ఈ మధ్య నాకు ఏదీ సరిగ్గా గుర్తుండటం లేదని మేనేజర్ సారు రోజూ అంటూనే ఉన్నారు."

పొయ్యి దగ్గరున్న అక్క గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. "ఇదా మేడమ్ మర్చిపోయేది? ఇంట్లో ఫ్రిజ్ తలుపు వేశాక కూడా ఇంకోసారి తోసి చూసి గానీ పక్కకు రాదు. నా మొగుడు దీన్ని చూసి నవ్వుతాడు. ఏడాది తిరక్కుండా దీని బుర్ర తినేశాడు మేడమ్ ఆ మేనేజరు. మా చెల్లెలు ఇప్పుడు తన పేరు చెప్పడానికి కూడా నన్ను అడిగేట్టుంది."

"అక్కా, ఊరుకోవే," అంది చిట్టి.

డిటెక్టివ్ మెల్లగా అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఆ సాయంత్రం అందరూ చూస్తుండగా గద్ద తిట్టాడు. పెట్టెల లెక్క తప్పింది, వెళ్ళి మళ్ళీ చూడు, ఒక్కదానివే చూడు అని కోల్డ్ రూమ్‌లోకి పంపాడు. వెచ్చటి కోటు వేసుకోనివ్వలేదు. లెక్క చూస్తుండగా లైటు పోయింది. బల్బు మాడిపోయిందనుకుంది. చీకట్లో గోడ తడుముకుంటూ వచ్చి తలుపుకు భుజం ఆనిస్తే అది తెరుచుకుంది. బయటికొచ్చి, తలుపు లాగి, సంచి తీసుకుని ఇంటికొచ్చేసింది. అంతే. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. అందరూ చూస్తుండగా ఆమె గుర్తింపు కార్డు మెడలోంచి తీయించుకున్నారు.

డిటెక్టివ్ ఇప్పుడు ఆ తలుపు ఎదుట నిలబడి ఉంది. పక్కన సెక్యూరిటీ చీఫ్. ఒకప్పుడు పోలీసు. మీసాలు నెరిసినా వాటిని మెలితిప్పే అలవాటు పోలేదు. రెండేళ్ళ క్రితం ఒక నగల దొంగతనం కేసులో ఆయన పట్టుకున్న మనిషి దొంగ కాడని డిటెక్టివ్ తేల్చింది. అది ఆయనింకా జీర్ణించుకోలేదు.

"రండి మేడమ్, రండి. మళ్ళీ నన్ను తప్పని నిరూపించడానికేగా వచ్చారు?"

"మీరు తప్పు చేస్తే ఆ పని నేను చెయ్యక్కర్లేదు చీఫ్, మీ రిపోర్టే చేస్తుంది. అదేంటి, అంత దగ్గుతున్నారు?"

"ఈ చలిగది దగ్గర తిరిగితే దగ్గు రాక పాటొస్తుందా?" అంటూ ఆయన జేబులోంచి గొంతు బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నాడు.

తలుపు జానెడు మందం. చుట్టూ రబ్బరు అంచు. బయట బరువైన గడియ. డిటెక్టివ్ దాన్ని కాక, పక్క గోడను చూస్తోంది.

"లైటు స్విచ్ ఇదేనా?"

"అదే."

"లోపల ఇంకోటి ఉందా?"

"లేదు. ఒక్కటే." ఆ మాట అన్నాక చీఫ్ బిళ్ళ చప్పరించడం ఆపేశాడు.

డిటెక్టివ్ స్విచ్ నొక్కింది. తలుపులోని చిన్న గుండ్రటి అద్దంలో వెలుతురు కనిపించింది. మళ్ళీ నొక్కింది. ఆరింది. మళ్ళీ వేసింది. బల్బు నిక్షేపంగా ఉంది.

"బల్బు మార్చారా, ఈ మధ్య?"

"లేదు."

"మరి ఆ రోజు చిట్టి లోపల ఉండగా లైటు పోయింది. స్విచ్ బయట ఉంది. అంటే ఎవరో ఇక్కడ, సరిగ్గా నేను నిలబడ్డ చోట నిలబడి, ఆ అద్దంలోంచి ఆ పిల్ల కనబడుతుండగానే లైటు ఆర్పేశారు."

చీఫ్ మీసం మీది చెయ్యి కిందికి దిగింది.

"నేను లోపలికి వెళ్తాను. తలుపు వేసి చూద్దాం."

"వద్దు." ఆ మాట ఆయన నోటి నుంచి మరీ తొందరగా వచ్చింది. వెంటనే సర్దుకున్నాడు. "అదే, మీ మోకాళ్ళకు ఈ చలి పడదు కదా."

"లోపలి నుంచి తీసుకోవడానికి పిడి ఉందని మీ రిపోర్టులోనే రాశారుగా. తలుపు అన్ని విధాలా బాగుందని కూడా రాశారు."

ఆయన ఇంకేదో అనేలోపు ఆమె లోపలికి వెళ్ళి తలుపు తనే లాక్కుంది. ఠక్‌మని గడియ పడింది.

లోపల అరల నిండా ఉండాల్సిన పెట్టెలు లేవు, ఖాళీగా ఉంది. ఫ్యాన్ల రొద తప్ప ఏమీ వినబడదు. చలి ముందు చెవుల్ని, తర్వాత చేతివేళ్ళను పట్టుకుంది. తలుపు మీద నడుము ఎత్తున ఎర్రటి పిడి ఉంది. లోపలున్న మనిషి దాన్ని నొక్కితే, దాని వెనకున్న ఇనుప కడ్డీ తలుపులోంచి దూసుకుపోయి బయటి గడియను పైకి నెట్టాలి. ఎంత కొత్తవాళ్ళైనా చీకట్లో తడిమి నొక్కగలిగేట్టు దాన్ని పెట్టారు.

డిటెక్టివ్ నొక్కింది.

పిడి మెత్తగా లోపలికి పోయింది. మళ్ళీ మెత్తగా బయటికి వచ్చింది. ఏమీ జరగలేదు. బలమంతా పెట్టి రెండు చేతులతో నొక్కింది. అదే మెత్తదనం. చివరికి పిడిని మెలితిప్పి లాగితే అది చేతిలోకి ఊడి వచ్చింది. దాని వెనక కడ్డీ లేదు. ఉండాల్సిన చోట నున్నటి రంధ్రం ఉంది, అంతే.

ఆమె ఎన్నో కేసులు చూసింది. కత్తులు చూసింది, విషాలు చూసింది. కానీ బతికి బయటపడమని పెట్టిన పిడిని బొమ్మ పిడిగా మార్చి, ఎర్రరంగు చెక్కుచెదరకుండా అక్కడే ఉంచడం ఎక్కడా చూడలేదు. తలుపు బాదాలని పిడికిలి ఎత్తింది.

బాదకముందే తలుపు తెరుచుకుంది.

ఎదురుగా చీఫ్, రెండు చేతులతో బయటి గడియ పట్టుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట.

డిటెక్టివ్ బయటికి వచ్చి, గోడకు ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని అడిగింది. "నేను తట్టలేదు. పిలవలేదు. లోపలి పిడి పనిచేస్తుందని రాసిన మనిషివి, నువ్వెందుకు తీశావు?"

మీరు అన్న మాట ఆమె నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

చీఫ్ తన గదిలోకి నడిచాడు. ఆమె వెంట నడిచింది. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో, చిట్టి నేరానికి సాక్ష్యంగా పెట్టిన అట్టముక్క ఉంది. చిన్న బిళ్ళలా గట్టిగా మడిచి ఉంది. డిటెక్టివ్ దాన్ని బయటికి తీసి మడతలు విప్పింది. లేత ఆకుపచ్చ అట్ట. ఒక అంచు చింపినట్టుంది. రెండో వైపున ఒక ఆకు బొమ్మలో సగం ఉంది. ఆమె చెయ్యి చాచింది.

"నీ గొంతు బిళ్ళల డబ్బీ ఇవ్వు."

ఆయన ఇవ్వలేదు. ఆమే ఆయన చొక్కా జేబులోంచి తీసింది. లేత ఆకుపచ్చ డబ్బీ. పై మూత లేదు. చింపిన చోట ఆకు బొమ్మలో మిగతా సగం ఉంది. రెంటినీ పక్కపక్కన పెడితే ఆకు పూర్తయింది.

"నిన్న చిట్టి నోట్లో దగ్గు బిళ్ళేమీ చూడలేదు నేను," అంది డిటెక్టివ్.

చీఫ్ కుర్చీలో కూలబడ్డాడు. ఆరడుగుల మనిషి ఒక్కసారిగా చిన్నవాడైపోయినట్టు కనిపించాడు.

"అట్ట పెట్టింది నేనే. గడియ పడకూడదనే పెట్టాను. గడియ పడితే లోపలివాళ్ళు బయటికి రాలేరు కాబట్టి పెట్టాను."

"ముందు నుంచీ చెప్పు."

"ఆ కడ్డీ తీయించింది గద్ద. ఎదురు చెప్పినవాణ్ణి లెక్క చూడమని లోపలికి పంపుతాడు. తలుపు వేసి లైటు ఆర్పుతాడు. కాసేపు అరవనిస్తాడు. తర్వాత తీసి, ఏమైందిరా, అంత భయమా అని నవ్వుతాడు. వాళ్ళు ఇంక జన్మలో నోరెత్తరు. అందరికీ తెలుసు. ఎవరూ అనరు." ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "లోడింగ్‌లో ఒక పొడుగాటి కుర్రాడుండేవాడు. ఒకసారి వాణ్ణి లోపల పెట్టి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయాడు. వాడి చేతి వేళ్ళు రెండు తీసేయాల్సొచ్చింది. తాగి లోపల పడిపోయాడని రాసి పనిలోంచి తీసేశారు. రాసింది నేను."

డిటెక్టివ్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"అప్పట్నుంచీ ఎవర్నైనా లోపలికి పంపుతున్నాడని తెలిస్తే, ముందే వెళ్ళి గడియ బొక్కలో అట్ట పెట్టేస్తాను. తర్వాత తీసేసి తలుపు బిగిస్తాను. చిట్టి రోజు కూడా పెట్టాను. కానీ ఆ రోజు గద్ద తలుపు నెట్టి, లైటు ఆర్పి, హెడ్డాఫీసుకు పోదాం రమ్మని నన్ను కారెక్కించుకున్నాడు. మళ్ళీ వెనక్కి రాలేదు మేడమ్. దారిలో ఒక్కసారి కూడా ఆ పిల్ల మాటెత్తలేదు. నన్ను మా ఇంటి దగ్గర దింపి వెళ్ళిపోయాడు. అట్ట ఉందిలే, పిల్ల బయటికి వచ్చేస్తుందిలే అనుకుంటూ కూర్చున్నాను."

"అంటే తెల్లారేదాకా ఆ పిల్ల లోపలే ఉంటుందని అతను అనుకున్నాడు."

"అందుకే పొద్దున్నే తిన్నగా అక్కడికి పోయాడు."

డిటెక్టివ్‌కు కళ్ళముందు ఆ గది కదిలింది. చీకట్లో కోటు లేకుండా గోడ తడుముకుంటూ వస్తున్న పిల్ల. ఆ పిల్ల భుజానికీ చావుకీ మధ్య ఒక దగ్గు బిళ్ళల డబ్బీ మూత. ఆ మూత వల్ల గడియ పడలేదు. ఆ పిల్ల లాగిన తలుపు మెల్లగా తనంతట తానే తెరుచుకుంది. ఏ అట్ట ఆమె ప్రాణం కాపాడిందో, అదే అట్టను ఆమె నేరం కింద పెట్టారు.

"ముప్ఫై ఏళ్ళు యూనిఫాం వేసుకున్నావు. రౌడీల్ని చొక్కా పట్టుకుని ఈడ్చావు. ఈ మనిషి ముందు ఏమైంది నీకు?"

"నాకూ తెలీదు మేడమ్," అన్నాడు చీఫ్ నిజాయితీగా. "మొదట్లో ఏదో చిన్న మాటకు సరే సార్ అన్నాను. తర్వాత ఇంకో మాటకి. ఇప్పుడు అతని బూట్ల చప్పుడు వింటే నా నడుము తనంతట తనే వంగుతోంది."

"విచారణలో ఇదంతా చెప్తావా?"

ఆయన తల ఊపాడు.

విచారణ డైరెక్టర్ గదిలో జరగాలి. డిటెక్టివ్ అందర్నీ కోల్డ్ రూమ్ దగ్గరికే రమ్మంది. కంపెనీ పెద్దాయనకు అల్లుడు కావడంతో డైరెక్టర్‌ను అందరూ అల్లుడుగారు అంటారు. మెత్తటి మనిషి. స్వీపర్ని కూడా మీరు అని పిలుస్తాడు. రాగానే చిట్టి అక్కకు కుర్చీ వేయించాడు. చిట్టిని చూసి, "భయపడకమ్మా, నువ్వు చెప్పేది నేను వింటాను కదా," అన్నాడు.

చిట్టి చేతులు కట్టుకుని, గద్దకు ఎంత దూరంగా నిలబడగలదో అంత దూరంగా నిలబడింది.

"నాదొక్కటే కోరిక సార్," అంది డిటెక్టివ్ అల్లుడుగారితో. "ఈ తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందని రిపోర్టులో రాశారు. ఒక్కసారి మేనేజర్‌గారిని లోపలికి వెళ్ళమనండి. తలుపు నేను వేస్తాను. ఆయనే తీసుకుని బయటికి వస్తే చిట్టిదే తప్పని ఒప్పుకుని నేను వెళ్ళిపోతాను."

అందరూ గద్ద వైపు చూశారు.

"ఏం వేషాలివి? నేనెందుకు వెళ్ళాలి?"

"రెండు క్షణాల పని. పిడి నొక్కి బయటికొచ్చేయడమేగా."

"నాకు జలుబుగా ఉంది."

"మీ కోటు వేసుకోండి. చిట్టికి లేదు గానీ, మీకు ఉందిగా."

గద్ద అడుగు వేయలేదు. మెడ వెనక్కి పోయింది. చూపు తలుపు మీద, డిటెక్టివ్ మళ్ళీ దాని చోట పెట్టిన ఎర్ర పిడి మీద పడి, అక్కణ్నుంచి పారిపోయింది. చుట్టూ చేరిన పనివాళ్ళలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఆ మనిషి తల దించుకోవడం వాళ్ళలో ఒక్కరూ ఇంతకు ముందు చూడలేదు.

"కడ్డీ లేదు సార్," అన్నాడు చీఫ్. "ఇతనే తీయించాడు. ఆ రోజు చిట్టిని లోపల పెట్టి తలుపేసింది ఇతనే. అట్ట పెట్టింది నేను."

చిట్టి చెయ్యి తన భుజం మీదికి వెళ్ళింది, ఆ రోజు తలుపుకు ఆనించిన భుజం మీదికి. "అంటే నేను తలుపు వేశాను," అంది గుసగుసగా. "అక్కా, నేను మర్చిపోలేదు. వేశానే."

అక్క లేచి ఆమెను పట్టుకుంది.

గద్ద ఒక్కసారిగా మండిపడ్డాడు. "ఓహో, నన్నొక్కణ్ణే ముంచుతారన్నమాట! ఇది చేసిన నిర్వాకం ఎవరూ అడగరా? సెలవుల్లో కరెంటు పోయి మందు వేడెక్కిపోయిందట. దాన్ని బయటికి పంపకూడదట. ఇది చెప్పాలి మనకు! మా అక్క కూతురికి ఇదే మందు వేయించాం సార్, నాకు నిద్ర పట్టటం లేదు సార్ అని వెక్కి వెక్కి ఏడవటం! ఆ ఏడుపు నలుగురికీ వినబడితే ఈ కంపెనీ ఉంటుందా?"

అక్క చేతులు చిట్టి భుజాల మీద బిగుసుకుపోయాయి. "ఏ మందే? నా పిల్లకు వేసిందా?"

చిట్టి గద్దను చూస్తోంది. ఇన్నాళ్ళలో మొదటిసారి సూటిగా, రెప్ప వేయకుండా చూస్తోంది.

"నేను ఏడ్చానని మీకెలా తెలుసు?"

గద్ద చూపు అల్లుడుగారి వైపు పోయింది.

"మందు పాడైందని మీకు చెప్పాను, నిజమే. పాప సంగతి మీకు చెప్పలేదు. భయపడుతుందని అక్కకి కూడా చెప్పలేదు." ఆమె మెల్లగా అల్లుడుగారి వైపు తల తిప్పింది. మాటలు ఒక్కొక్కటే, చెక్కుచెదరని జ్ఞాపకంలోంచి బయటికి వస్తున్నాయి. "మీకొక్కరికే చెప్పాను సార్. మీ గదిలో. మీరే తలుపు వేశారు. మంచినీళ్ళిచ్చారు. నేనున్నాను కదమ్మా, ఇంక ఎవరితోనూ అనకు అన్నారు. ఆ మర్నాడు సాయంత్రమే నన్ను ఇందులోకి పంపారు."

డిటెక్టివ్‌కు అప్పుడు అర్థమైంది. పొద్దుట్నుంచీ తను గద్దనొక్కణ్ణే చూసింది. గద్దను ఎగరేసిన చేతిని చూడలేదు.

అల్లుడుగారు కోప్పడలేదు. కాదనలేదు. చిట్టిని జాలిగా చూసి, రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలను, ఎవరెవరు విన్నారో గుర్తుపెట్టుకుంటున్నట్టుగా, వరసగా చూశాడు.

"చీఫ్‌గారూ," అన్నాడు అదే మెత్తటి గొంతుతో, "గేట్లు మూయించండి. వీళ్ళలో ఎవరూ బయటికి వెళ్ళకూడదు."

"సరే సార్," అంది చీఫ్ నోరు, ఆయన ప్రమేయం లేకుండానే.